టెస్టుల కీబోర్డు ఎట్ల కొట్టాలె: ఫిల్ ఎక్కడ, కీ ఎక్కడ, తెలుగైతే ఏంది

బ్రౌజర్ ఆటోమేషన్, అంటే మన చేతుల బదులు ప్రోగ్రామే బ్రౌజర్ నడిపి పేజీని టెస్టు చేసుడు, కొత్తగ పట్టుకున్నోళ్లు మొదలు అడిగేది బాక్సుల అక్షరాలు ఎట్ల పడాలె అని. పడుడు పెద్ద ముచ్చటే కాదు, సెలీనియం, ప్లేరైట్, సైప్రెస్ అని ఈ పని చేసే టూల్స్ ఉన్నయ్, సెలీనియంల సెండ్ కీస్, ప్లేరైట్ల ఫిల్, సైప్రెస్ల టైప్, ఏది కొట్టినా పడతయ్. కిరికిరి ఎక్కడున్నదంటే, అక్షరాలు పడ్డయంటే కీబోర్డు కొట్టినట్టు కాదు. కొన్ని బాక్సులకు లోపల విలువ మారితే చాలు, కొన్ని బాక్సులు ఒక్కొక్క కీ కోసం కాసుకొని ఉంటయ్. ఏది ఏ రకమో చూడకుండ అన్నిట్ల ఒకటే కమాండు వాడితే టెస్టు పాసైతది గని యూజర్ చేతుల ఫారం పనిచెయ్యదు, లేకపోతే ఉల్టా.

చెప్పుకోనీకి ఒక ఫారం అనుకుందాం. మన నల్లగొండ దిక్కు బత్తాయి తోటలు మస్తు గదా, రైతు తన పంట వివరాలు పెట్టే ఫారం: పేరు, ఫోన్ నంబరు, ఊరు, తెంపే తారీఖు, ఎన్ని టన్నులు, కింద సబ్మిట్. ఊరి బాక్సుల కొడుతుంటే కింద ఊర్ల లిస్టు వస్తది. ఉదాహరణలన్నీ దీనిమీదనే, టూల్ ఎక్కువగ ప్లేరైట్, వేరే టూల్ల తేడా ఉన్నకాడ అది చెప్త.

ముందుగాల ఒక కీ ఒత్తితే లోపల ఏం నడుస్తదో తెల్సుకోవాలె. బ్రౌజర్ పేజీకి ఈవెంట్లు, అంటే ఇది జరిగింది అనే కబుర్లు, వరుసగ పంపుతది: కీ ఒత్తంగనే కీడౌన్ వస్తది, తర్వాత బిఫోర్‌ఇన్‌పుట్, అక్షరం పడ్డంక ఇన్‌పుట్, చెయ్యి తీస్తే కీఅప్. నడుమ కీప్రెస్ అని పాతది ఒకటి ఇంకా వస్తది గని దాన్ని నమ్ముకోవద్దు, అది ఎప్పుడో వద్దన్న లెక్కల చేరింది. చానా మంది జావాస్క్రిప్ట్‌తోని కీబోర్డ్ ఈవెంట్ తయారుచేసి డిస్పాచ్ చేస్తరు, అంటే పంపుతరు, ఈవెంట్ పోయింది, దానికోసం రాసిన కోడు, అదే హ్యాండ్లర్, నడిచింది, బాక్సు మాత్రం ఖాళీ. ఎందుకంటే స్క్రిప్టు పుట్టించిన ఈవెంట్ల ఈజ్‌ట్రస్టెడ్ అనేది, అంటే ఇది బ్రౌజర్ పంపిన అసలు ఈవెంటేనా అన్న గుర్తు, ఫాల్స్ ఉంటది, అసొంటి కీకి బ్రౌజర్ తన పని తను చెయ్యదు, అక్షరం పడదు, ట్యాబ్ కొడితే ఫోకస్, అంటే కీలు పడే జాగ, జరగదు. పోనీ అని విలువనే నేరుగ పెడితే రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతోని కట్టిన ఫారంలకు మారిన సంగతే తెల్వదు, సబ్మిట్ కొట్టంగనే పాత విలువ పోతది. అందుకే సెలీనియం గని ప్లేరైట్ గని బ్రౌజర్ లోపలి దారిలనే కీ పంపుతయ్, అప్పుడు ఈజ్‌ట్రస్టెడ్ ట్రూ వస్తది. సైప్రెస్ పేజీ లోపలే ఉండి నడుస్తది కాబట్టి దాని టైప్ కమాండు ఈవెంట్లను తనే పుట్టిస్తది, అక్షరాలు కూడ తనే పెడతది, ఒక్కో అక్షరం నడుమ మామూలుగ 10 మిల్లీసెకన్లు ఆగుతది.

ఇగ ఫారంకు వద్దాం. పేరు బాక్సుకు ఫిల్ చాలు, అది బాక్సు తయారున్నదా లేదా చూసి, ఫోకస్ పెట్టి, మొత్తం టెక్స్టు ఒక్కపారి ఏసి ఇన్‌పుట్ ఈవెంట్ పంపుతది. కీడౌన్ రాదు, రావాల్సిన పని కూడ లేదు. సెలీనియంల ఫిల్ లేదు, క్లియర్ చేసి సెండ్ కీస్ కొట్టాలె. క్లియర్ చేసినా పాత టెక్స్టు మళ్ల వచ్చే ఫారంలు ఉంటయ్, ఆడ కంట్రోల్ ఏ కొట్టి బ్యాక్‌స్పేస్ కొట్టుర్రి.

ఫోన్ నంబరు కాడ ఆగుర్రి. అంకెలు తప్ప ఏం పడొద్దని డెవలపర్ కీడౌన్ మీద కాపలా పెట్టిండనుకో, మీరు ఫిల్‌తోని అక్షరాలు ఏస్తే ఆ కాపలా ముందటికెళ్లి పోనే పోదు, అక్షరాలు ఆరామ్‌గ పడతయ్, మీరేమో బగ్ అని రాస్తరు. ఈడ ప్రెస్ సీక్వెన్షియల్లీ వాడాలె, పాత టైప్ కమాండు బదులు వచ్చింది ఇదే, ఒక్కో కీకి కీడౌన్, కీఅప్ అన్నీ పంపుతది. కాకపోతే ఆ ఫిల్ టెస్టు కూడ ఉంచుకోమంట నేనైతే, యూజర్ వేరేకాడికెళ్లి కాపీ తెచ్చి పేస్ట్ చేస్తే కూడ కీడౌన్ కాపలా అట్లనే ఊకుంటది కదా.

ఊరి బాక్సు అసలు పరీక్ష. మిర్యా అని కొట్టంగనే మిర్యాలగూడ లిస్టుల రావాలె. ఇసొంటి బాక్సులు ప్రతి అక్షరానికి సర్వర్‌ను అడగవు, కొట్టుడు ఆపినంక జరసేపు ఆగి అడుగుతయ్. అందుకే డిలే, అంటే కీకి కీకి నడుమ ఆగుడు, పెట్టి కొట్టినా, పెట్టకుండ కొట్టినా, చివరికి లిస్టు కనవడేదాక ఆగుడు మాత్రం తప్పదు. రెండు సెకన్లు స్లీప్ పెట్టుడు వద్దు, లిస్టుల మిర్యాలగూడ అన్న ఆప్షన్ కనవడాలె అని ఎక్స్‌పెక్ట్, అంటే అది కనవడేదాక ఆగి చూసే చెక్, రాయుర్రి, అది వచ్చినంకనే యారోడౌన్, ఆ తర్వాత ఎంటర్. తొందరపడి లిస్టు రాకముందే ఎంటర్ కొడితే ఏమైతదో తెల్సా, టెక్స్టు బాక్సుల ఎంటర్ అంటే బ్రౌజర్ లెక్కల ఫారం సబ్మిట్ చెయ్యిమని, సగం నిండిన ఫారం పోతది, టెస్టు ఒకపారి పాస్ ఒకపారి ఫెయిల్. ఊకె అటిటు అయ్యే టెస్టు ఉంటే మొదలు ఈ ఎంటర్‌నే చూడుర్రి. యారోడౌన్ కొట్టినంక ఫోకస్ లిస్టు మీదికి పోతదని కూడ అనుకోవద్దు, చానా వాటిల్ల ఫోకస్ బాక్సులనే ఉంటది, ఏ ఆప్షన్ మీదున్నమో ఏరియా యాక్టివ్‌డిసెండెంట్ అనే ఆట్రిబ్యూట్ చెప్తది, చెక్ దానిమీద పెట్టాలె.

ఇప్పుడు తెలుగు సంగతి. గైడ్లల్ల దీని గురించి ఎవ్వలు చెప్పరు, మన ఫారంలల్ల ఎక్కువ ఆగేది ఈడనే. ప్లేరైట్ల కీల పటం అమెరికా కీబోర్డుది. ఆ పటంల లేని అక్షరానికి అది కీడౌన్, కీఅప్ పంపదు, ఒట్టి ఇన్‌పుట్ ఈవెంట్ పంపి అక్షరం పెట్టేస్తది. అంటే ప్రెస్ సీక్వెన్షియల్లీతోని నల్లగొండ అని కొట్టినా మీకు ఒక్క కీఅప్ రాదు. కంటికి న, ల్ల, గొం, డ నాలుగే కనవడతయ్ గని లోపల 8 కోడ్‌పాయింట్లు, అంటే కంప్యూటర్ విడిగ లెక్కవెట్టే గుర్తులు, పొల్లు వేరే, గుణింతం వేరే, సున్న వేరే, గట్ల 8 సార్లు ఇన్‌పుట్ వస్తది. పేజీల ఊర్ల లిస్టు తెచ్చే కోడు కీఅప్ మీద కట్టి ఉంటే టెస్టుల లిస్టు రానే రాదు. అప్పుడు టూల్‌ను తిట్టుడు కాదు, కోడును కీఅప్ మీదికెళ్లి తీసి ఇన్‌పుట్ మీద పెట్టియ్యాలె. ఫోన్లల్ల తెలుగు కొట్టెటోళ్లకు కూడ కీలు సక్కగ రావు కాబట్టి ఇది ఎట్లయినా చెయ్యాల్సిన పనే.

సెలీనియం తరీక వేరే. బ్రౌజర్‌ను బయటికెళ్లి ఎట్ల నడపాల్నో చెప్పే డబ్ల్యూ3సీ వెబ్‌డ్రైవర్ స్టాండర్డు 2018ల వచ్చింది, దాంట్ల రాసిందాని ప్రకారం ఒకటే కోడ్‌పాయింట్ ఉండి, దాని కీల పట్టికల ఉన్న అక్షరాన్ని కీ లెక్క పంపాలె, ఆ పట్టికల లేని తెలుగు అక్షరాన్ని, గొ లెక్క రెండు మూడు కలిసిన గుంపునేమో కంపోజిషన్ ఈవెంట్ల లెక్క, అంటే అక్షరం ఇంక తయారైతున్నదని చెప్పే ఈవెంట్ల లెక్క, పంపాలె. డ్రైవర్లు, అంటే సెలీనియం మాటను బ్రౌజర్‌కు చేర్చే ప్రోగ్రాంలు, అన్నీ అట్లనే చేస్తయని ధీమా పెట్టుకోకుర్రి, మీ డ్రైవర్ ఏం పంపుతుందో చూసుకోవాలె, ఎట్ల చూడాల్నో కింద చెప్త. తెలుగు అక్షరాలు క్రోమ్‌డ్రైవర్‌కు పడతయ్, ఎమోజీలు మాత్రం సెండ్ కీస్‌తోని పంపితే బీఎంపీ అక్షరాలే, అంటే యూనికోడ్ల మొదటి భాగంల ఉన్నవే, తీసుకుంట అని ఎర్రర్ ఇచ్చే రకం అది.

పేర్ల కాడ ఇంకో మడత పేచీ ఉన్నది. మహబూబ్‌నగర్‌ను బ్, న విడివిడిగ కనవడాలంటే నడుమ కనవడని ఒక అక్షరం ఉంటది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటరు. అది పెడితే పేరు 11 కోడ్‌పాయింట్లు, పెట్టకపోతే 10, అప్పుడు మహబూబ్నగర్ అని న కింద వొత్తు అయితది, కొందరేమో స్పేసే కొడతరు. టెస్టు డేటాల ఒక తీరు, డేటాబేసుల ఇంకో తీరు ఉంటే వెతికితే దొరకది. మూడు తీర్లు కొట్టి మూడిటికి అదే ఊరు రావాలని టెస్టు రాయుర్రి. బాక్సుకు మాక్స్‌లెంగ్త్, అంటే ఇంతకంటే ఎక్కువ పడొద్దనే హద్దు, 10 పెట్టిండ్రనుకో, కొట్టెటోనికి ఆఖరి పొల్లు పడదు, మహబూబ్‌నగర అయి ఊకుంటది. జావాస్క్రిప్ట్‌తోని విలువ నేరుగ పెట్టే టెస్టుకు మాక్స్‌లెంగ్త్ అడ్డం రాదు, అందుకని గీ బగ్ దానికి ఎన్నడు దొరకదు.

ఇంగ్లీషు అక్షరాల్ల కొడితే తెలుగు అయ్యే కీబోర్డులు ఇంకో లోకం. అండ్ల కంపోజిషన్‌స్టార్ట్, అప్‌డేట్, ఎండ్ అని ఈవెంట్లు నడుస్తయ్, ఆ నడుమల కీడౌన్ వచ్చినా కీకోడ్ 229 అని ఉంటది, ఏ కీ అన్నది చెప్పదు. మీటకో తెలుగు అక్షరం ఉండే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ అట్ల కాదు, కే కీ కొడితే సీదా క పడతది, ఈవెంట్ల కీ అంటే క, కోడ్ అంటే ఆ మీట ఉన్న జాగ. షార్ట్‌కట్లు కీ మీద రాసిన పేజీల తెలుగు లేఅవుట్ల షార్ట్‌కట్ పనిచెయ్యకపోనీకి కారణం ఇదే. కంపోజిషన్‌ను ఆటోమేషన్‌ల తేవాలంటే క్రోమియంల డెవ్‌టూల్స్ ప్రోటోకాల్, అంటే బ్రౌజర్‌కు నేరుగ కమాండ్లు ఇచ్చే దారి, సెషన్ తెరిచి ఇన్‌పుట్ డొమైన్ల ఐఎంఈ సెట్ కంపోజిషన్ పిలువాలె, తర్వాత ఇన్‌సర్ట్ టెక్స్ట్‌తోని ముగించాలె. పదం ఇంక తయారైతుండంగనే ఎంటర్ కొడితే ఫారం పోతుందా అన్న ఒక్క టెస్టుకన్న ఇది రాసిపెట్టుకోవాలె, మిగతావాటికి అంత కష్టం అక్కర్లేదు.

తారీఖు తొందరగ చెప్పేస్త. డేట్ బాక్సుకు ప్లేరైట్ ఫిల్ల సంవత్సరం, నెల, రోజు వరుసల 2025-03-14 లెక్క ఇయ్యాలె, స్క్రీన్ మీద రోజు ముందు కనవడ్డా సరే. సెలీనియంతోని క్రోమ్‌ల కీలు కొడితేనేమో బ్రౌజర్ భాషను బట్టి రోజు ముందో నెల ముందో మారుతది, మీ ల్యాప్‌టాప్‌ల పాసై సర్వర్ల ఫెయిలయ్యే టెస్టు అదే. టన్నుల బాక్సు నంబర్ టైపు అయితే ఫిల్‌కు అక్షరాలిస్తే అదే ఎర్రర్ కొడతది.

షార్ట్‌కట్లల్ల ఒక్క సంగతి మర్వద్దు. కీబోర్డ్ డౌన్ అని షిఫ్ట్ ఒత్తినంక అప్ అని వదలాలె, నడుమల టెస్టు ఫెయిలయితే షిఫ్ట్ ఒత్తినట్టే ఉండి అదే పేజీల తర్వాత చేసే ప్రతి క్లిక్కు షిఫ్ట్ క్లిక్ అయితది. ఒక్కపారి కొట్టే కాంబినేషన్ అయితే ప్రెస్‌ల ప్లస్ పెట్టి రాస్తే అదే వదులుతది. సెలీనియంల ఒక సెండ్ కీస్ పిలుపుల ఒత్తిన కంట్రోల్ ఆ పిలుపు అయిపోంగనే వదులుతది, ఒత్తుడు, వదులుడు వేరేవేరేగ రాసే యాక్షన్స్‌ల ఒత్తింది వదలదు, మీరే వదలాలె. మ్యాక్ మీద కంట్రోల్ ఏ అంటే అంతా సెలెక్ట్ కాదు, లైను మొదటికి పోతది, అందుకే ప్లేరైట్ల కంట్రోల్ఆర్‌మెటా అని రాసుకోవాలె. ఇగ కంట్రోల్ టీ కొట్టి కొత్త ట్యాబ్ తెరవాలనుకునెటోళ్లు ఆ ఆశ ఇడిసిపెట్టుర్రి, ఈ కీలు పేజీ లోపలికి పోతయ్, బ్రౌజర్ బటన్లకు పోవు, కొత్త ట్యాబుకు వేరే కమాండు ఉన్నది.

మౌస్ ముట్టకుండ ఫారం మొత్తం నింపే టెస్టు ఒక్కటి తప్పకుండ రాయుర్రి. పేరు బాక్సుకెళ్లి ట్యాబ్ కొట్టుకుంట సబ్మిట్ దాక పోవాలె, ప్రతి కాడ ఇప్పుడు ఫోకస్ దీని మీదున్నదా అని చెక్ పెట్టాలె. పేజీ కీబోర్డ్ ప్రెస్ ఫోకస్ ఎక్కడుంటే అక్కడికి పోతది, లొకేటర్, అంటే పేజీల ఒక బాక్సునో బటన్‌నో వెతికి పట్టేది, దాని ప్రెస్ మాత్రం తనే ఫోకస్ పెట్టుకొని కొడతది, కాబట్టి ఈ టెస్టుల లొకేటర్‌ది వాడితే తిరుగుడు క్రమం తప్పున్నా తెల్వది. బటన్ అయితే ఎంటర్ కీడౌన్‌కే పనిచేస్తది, స్పేస్ కీఅప్‌కు పనిచేస్తది, లింకు ఎంటర్‌కే కదులుతది. డివ్ అనే ఒట్టి డబ్బాను బటన్ లెక్క రంగులేసి పెట్టినకాడ ఇవేవీ నడవవు, ఆడ్నే దొరుకుతరు.

చివరికి ఏ టూల్ ఏం పంపుతుందో అనుమానం వస్తే ఎవ్వల్ని అడిగే పనిలేదు. ఒక్క బాక్సు ఉన్న చిన్న పేజీ రాసి, కీడౌన్, బిఫోర్‌ఇన్‌పుట్, ఇన్‌పుట్, కీఅప్, కంపోజిషన్ ఈవెంట్లన్నిటికి లిజనర్ పెట్టి, ఈవెంట్ పేరు, కీ, కోడ్, ఈజ్‌ట్రస్టెడ్, ఈ నాలుగు ఒక్కో ఈవెంటుకు ఒక లైను లెక్క కింద ప్రింట్ చేయించుర్రి. ఒకపారి చేతితోని దేవరకొండ అని కొట్టుర్రి, ఒకపారి ఫోన్ల, ఒకపారి టెస్టుతోని. మూడు లిస్టులు పక్కపక్కన పెట్టి చూస్తే మీ పేజీ వింటున్న ఈవెంట్ ఏ లిస్టుల లేదో తెలుస్తది, టెస్టు మార్చాల్నా కోడు మార్చాల్నా అన్నది దాన్ని బట్టి డెవలపర్ తోని మాట్లాడుకోవచ్చు.