గాజు మంచు నుంచి స్ఫటికం దాకా – 4వ పాఠం: వేడెక్కే గీతను చదవడం

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. ఎక్కువ సాంద్రత గల అస్ఫటిక మంచు (అణువులు వరుసగా అమరకుండా గాజులా గడ్డకట్టిన మంచు) ఘన సెంటీమీటరుకు 1.17 గ్రాములు, తక్కువ సాంద్రత రకం 0.94 గ్రాములు. మొదటిది రెండోదిగా మారితే పరిమాణం ఎంత పెరుగుతుంది? 1.17ని 0.94తో భాగిస్తే దాదాపు 1.24. అంటే 24 శాతం. జవాబు 20 దగ్గర వచ్చినవాళ్లు తేడాను 1.17తో భాగించి ఉంటారు. అది సాంద్రత తగ్గిన శాతం, పరిమాణం పెరిగిన శాతం కాదు.

ఇవాళ నేర్చుకునే పని: అస్ఫటిక మంచును మెల్లగా వేడి చేస్తుంటే కెలోరీమీటర్ (నమూనాలోకి పోయే, బయటికి వచ్చే వేడిని కొలిచే పరికరం) గీసే గీతను చూసి, ఎక్కడ ఏం జరిగిందో చెప్పడం.

ముందు నిలువు అక్షం పక్కన ఉండే బాణం గుర్తు చూడండి. వేడి బయటికి వచ్చినప్పుడు కొన్ని పరికరాలు గీతను పైకి లేపుతాయి, కొన్ని కిందికి దించుతాయి. మొదట్లో నేను ఆ బాణాన్ని పట్టించుకోక, స్ఫటికం కట్టిన చోటును కరిగిన చోటుగా చదివి రెండు పేజీలు రాసేశాను. మళ్లీ మొదటి నుంచీ రాయాల్సి వచ్చింది. ఈ పాఠంలో వేడి బయటికి వస్తే గీత పైకి లేస్తుందనుకుందాం.

ఎక్కువ సాంద్రత గల రకాన్ని 77 కెల్విన్ దగ్గర, అంటే ద్రవ నైట్రోజన్ మరిగే ఉష్ణోగ్రత దగ్గర, పరికరంలో పెట్టాం. మామూలు వాతావరణ పీడనంలో నిమిషానికి 10 కెల్విన్ల చొప్పున పెంచుతున్నాం. కాసేపు గీత చదునుగా పోతుంది. 115 నుంచి 130 కెల్విన్ల మధ్య, నమూనాను ఎలా తయారు చేశామన్నదాన్ని బట్టి, ఒక గుట్ట పైకి లేస్తుంది. స్ఫటికం వచ్చేసిందని తొందరపడకండి. ఇందాక లెక్క కట్టిన 24 శాతం ఉబ్బు ఇక్కడే జరుగుతుంది. ఒక అస్ఫటిక రూపం ఇంకో అస్ఫటిక రూపమైంది, అంతే.

తర్వాత 136 కెల్విన్ దగ్గర గీత కొద్దిగా కిందికి దిగి, దిగిన చోటే సాగుతుంది. ఇది గుట్ట కాదు, మెట్టు. గాజు మెత్తబడే చోటు ఇదేనని చాలామంది అంటారు. అణువులు నిజంగా చోటు మారుతున్నాయా, ఉన్నచోటే తిరుగుతున్నాయా అన్న వాదన మాత్రం ఇంకా తెగలేదు. ఈ మెట్టు చాలా చిన్నది, గీతను పెద్దది చేసి చూస్తే తప్ప కనిపించదు.

అసలు శిఖరం, అంటే స్ఫటికం కట్టే చోటు, ఆ తర్వాత సుమారు 150 నుంచి 165 కెల్విన్ల మధ్య నిటారుగా లేస్తుంది. దాని కింద వైశాల్యం కొలిస్తే మోలుకు దాదాపు 1.3 కిలోజౌళ్లు. మంచు కరగడానికి కావాల్సిన 6 కిలోజౌళ్లలో ఇది ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ.

వేడి చేస్తే స్ఫటికం కట్టడమేమిటి? తక్కువ సాంద్రత గల అస్ఫటిక మంచులో ప్రతి అణువుకూ నలుగురు పొరుగువాళ్లు ఇప్పటికే ఉన్నారు, స్ఫటికంలో ఉన్నట్టే. లేనిది వరుస. హైడ్రోజన్ బంధాలతో ఏర్పడే వలయాలు కొన్ని ఐదు అణువులవి, కొన్ని ఏడింటివి. స్ఫటికంలోనైతే అన్నీ ఆరేసి. సర్దుకోవాలంటే కొన్ని బంధాలు తెగి మళ్లీ కలవాలి, 77 కెల్విన్ దగ్గర అణువులకు ఆ సత్తువ లేదు. వేడి తగిలాక అక్కడక్కడా చిన్న బీజాలు పుడతాయి. మరీ చిన్నవి చెదిరిపోతాయి, ఒక పరిమాణం దాటినవి నిలబడి చుట్టుపక్కల అణువులను తమ వరుసలో కలుపుకుంటాయి. కుదురైన అమరికలో శక్తి తక్కువ కాబట్టి, మిగిలింది వేడిగా బయటపడుతుంది.

అందుకే ఈ శిఖరం ఉష్ణోగ్రతను 273 కెల్విన్‌లా బట్టీ పట్టకండి. కరిగే ఉష్ణోగ్రత పదార్థానిది. ఈ శిఖరం చోటు మాత్రం మనం ఇచ్చిన సమయాన్ని బట్టి జరుగుతుంది. ఇంకా మెల్లగా వేడి చేస్తే శిఖరం ఎడమకు, అంటే తక్కువ ఉష్ణోగ్రతకు వస్తుంది. 140 దగ్గర ఆపి ఉంచినా స్ఫటికం కడుతుంది, కాకపోతే గంటలు పట్టవచ్చు. 150 దాటితే నిమిషాల పని.

ఇలా వచ్చిన స్ఫటికం నేరుగా మామూలు షడ్భుజ మంచు కాదు. పొరలు కొన్నిచోట్ల ఘనాకృతి క్రమంలో, కొన్నిచోట్ల షడ్భుజ క్రమంలో పేరుకుంటాయి. 200 దాటాక అదీ సరవుతుంది. అప్పుడు వచ్చే వేడి ఎంత తక్కువంటే, గీతలో చిన్న ఉబ్బు కనిపించినా సంతోషమే.

ఇక వేగం. ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఆపి, స్ఫటికమైన భాగాన్ని x అనుకుంటే, ln[1/(1–x)] (ln అంటే సహజ సంవర్గమానం) విలువ సమయం యొక్క n-వ ఘాతానికి అనుపాతంలో పెరుగుతుంది. దీన్ని అవ్రామీ సమీకరణం అంటారు. సాధన కోసం నేను అల్లిన అంకెలు ఇవి: 10 నిమిషాలకు 8 శాతం, 20 నిమిషాలకు 49 శాతం. మొదటిదానికి ln(1/0.92) = 0.083, రెండోదానికి ln(1/0.51) = 0.673. సమయం రెట్టింపైతే విలువ ఎనిమిది రెట్లయింది, 8 అంటే 2 యొక్క ఘనం, కాబట్టి n = 3. బీజాలన్నీ ముందే ఉండి మూడు దిక్కులా పెరిగితే 3 వస్తుంది. బీజాలు పుడుతూనే ఉండి రెండు దిక్కుల్లో పెరిగినా 3 వస్తుంది. ఈ అంకె ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పకండి.

ఇదే నమూనాలో 30 నిమిషాలకు ఎంత శాతం స్ఫటికమవుతుంది? లెక్క కట్టి పెట్టుకోండి, జవాబు వచ్చే పాఠంలో.