విశ్వవిద్యాలయ ప్రాంగణానికి ముప్పయ్యేళ్ల ప్రణాళిక రూపొందించే తీరు

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో గాని అందుబాటులోకి రాలేదు. కనుక ప్రణాళికా కాలం పాలకమండలి పదవీకాలానికి మించి, కనీసం ముప్పయ్యేళ్లు ఉండాలి.

ముందుగా సర్వే నంబర్లవారీగా భూమిని కొలిపించి, సరిహద్దు రాళ్లు నాటించి, రెవెన్యూ రికార్డులతో సరిచూడాలి. హద్దు తేలని నేలపై గీసిన నక్షా ఎంత అందంగా ఉన్నా కోర్టు వాకిట్లో ఆగిపోతుంది. తరువాత నీటి సంగతి చూడాలి. భారీ వర్షం కురిసిన మర్నాడు ఇంజినీర్లు ప్రాంగణమంతా కాలినడకన తిరిగి, నీరు ఏ వాలున పారుతోందో, ఏ హాస్టల్ మెట్ల దగ్గర నిలుస్తోందో నక్షాపై గుర్తించాలి. చెరువులను, వాటిలోకి వచ్చే వాగులను, పాత చెట్లున్న చోట్లను ఎన్నటికీ కట్టడాలు రాని ప్రాంతాలుగా తీర్మానంలోనే నమోదు చేయడం అత్యవసరమని నా దృఢాభిప్రాయం, ఎందుకంటే ఒకసారి పూడ్చిన వాగు తిరిగి రాదు.

విద్యార్థుల సంఖ్యను శాఖలవారీగా అంచనా కట్టి, హాస్టళ్లను తరగతి గదులకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంచాలి. తాగునీరు, మురుగునీరు, విద్యుత్తు, ఇంటర్నెట్ లైన్లకు రోడ్ల పక్కనే ఉమ్మడి మార్గం కేటాయిస్తే, కొత్త భవనం వచ్చినప్పుడల్లా రోడ్డు తవ్వే అవసరం తప్పుతుంది. భవనాల నిర్వహణ ఖర్చును నిర్మాణ అంచనాతోపాటే ఆమోదింపజేయాలి. ఐదేళ్లకోసారి అధ్యాపకులు, విద్యార్థులు, సిబ్బంది సమక్షంలో ప్రణాళికను సమీక్షించి, మార్పులను కారణాలతో సహా లిఖితపూర్వకంగా భద్రపరచాలి.