డోర్కింగ్ చుట్టుపక్కల ఊళ్ల పాత రికార్డుల్లో ఒక మనిషిని వెతకడం ఎలా?

ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ 1899 జులై 24న ఇంగ్లండ్‌లోని సర్రే కౌంటీలో, డోర్కింగ్ పట్టణంలో కన్నుమూశారు. సమాధి కూడా అక్కడే ఉంది. ఆయన గురించి కావచ్చు, ఆయన ఇంటి చుట్టుపక్కల బతికిన మామూలు రైతు గురించి కావచ్చు, రికార్డులు చూడాలనుకుంటే మనకు వెంటనే వచ్చే ప్రశ్న "ఇది ఏ జిల్లా?" అని. నేనూ అలాగే మొదలుపెట్టి రెండు వారాలు పోగొట్టుకున్నాను. అక్కడ ముందు అడగాల్సింది "ఏ పారిష్? ఏ సంవత్సరం?" అని. ఈ రెండూ తెలిస్తే మిగతా దారి దానంతట అదే కనిపిస్తుంది.

ముందు పారిష్ తేల్చుకోండి

పారిష్ అంటే ఒక చర్చి, దాని కింద ఉండే ఇళ్లు, పొలాలు, అడవి. కొన్ని పారిష్‌లు కలిస్తే ఒక హండ్రెడ్. డోర్కింగ్ ఉన్న హండ్రెడ్ పేరు వుటన్. అందులో ఐదు పారిష్‌లు: డోర్కింగ్, వుటన్, అబింజర్, ఓక్లీ, కేపెల్. వీటిలో కేపెల్ మొదట డోర్కింగ్ చర్చి కింద ఉన్న చిన్న ప్రార్థనాలయం. పేరుకు అర్థం కూడా అదే. కేపెల్ మనిషి పాత రికార్డుల్లో దొరక్కపోతే డోర్కింగ్‌లో కూడా చూడాలి.

ఇక్కడ మ్యాపు తప్పకుండా ముందు పెట్టుకోండి. వుటన్, అబింజర్ పారిష్‌లు ఉత్తరం నుంచి దక్షిణానికి సాగిన పొడవాటి పట్టీల్లా ఉంటాయి. ఉత్తరాన గొర్రెలు మేసే సుద్దరాయి కొండలు, మధ్యలో ఇసుక నేల, దక్షిణాన బంకమట్టి మీద అడవి. ప్రతి ఊరికీ అన్ని రకాల నేలా కొంత కొంత దక్కేలా గీతలు అలా పడ్డాయి. దాంతో దక్షిణపు కొసన ఉన్నవాళ్లకు తమ పారిష్ చర్చి చాలా దూరం. వుటన్ దక్షిణ భాగంలో ఓక్‌వుడ్ అనే చిన్న ప్రార్థనాలయం ఉన్నది అందుకే. జనాభా సిద్ధాంతం రాసిన థామస్ మాల్థస్ యువకుడిగా అక్కడ పాస్టరుగా పనిచేశాడు. తర్వాత హెయిలీబరీలోని ఈస్టిండియా కాలేజీలో పాఠాలు చెప్పాడు. మన సి.పి. బ్రౌన్ మద్రాసుకు రాకముందు చదివింది ఆ కాలేజీలోనే. ఆ అడవి మధ్య చర్చికీ, కడపలో తాటాకు గ్రంథాలు సేకరించిన ఇంటికీ మధ్య ఇంత దగ్గర దారి ఉందని తెలిసిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది.

ఆ ఏడాది ఆ ఊరు దేని కింద ఉందో రాసుకోండి

1985లో మన తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి కదా. తాతగారి దస్తావేజులో తాలూకా పేరు, మన పాస్‌బుక్‌లో మండలం పేరు ఉంటాయి. ఊరు మాత్రం అదే. అక్కడా అంతే, కాకపోతే మార్పులు ఎక్కువ.

పాత పన్నుల జాబితాలు హండ్రెడ్ వారీగా ఉంటాయి. 1662 నుంచి 1689 వరకు ఇంట్లో ఉన్న పొయ్యిల లెక్కన వేసిన పన్ను జాబితా కావాలంటే వుటన్ హండ్రెడ్ అని వెతకాలి. 1836లో పేదల సాయం కోసం డోర్కింగ్ యూనియన్ ఏర్పడింది. అందులోకి వుటన్ హండ్రెడ్ పారిష్‌లతో పాటు కాప్తోర్న్ హండ్రెడ్ నుంచి మికిల్‌హామ్, న్యూడిగేట్ వచ్చాయి, పక్కనున్న ఎఫింగ్‌హామ్ కూడా కలిసింది. 1894లో గ్రామీణ జిల్లాలు వచ్చాయి. 1974 నుంచి డోర్కింగ్ మోల్ వ్యాలీ జిల్లాలో ఉంది. కాబట్టి ఇవాళ్టి జిల్లా పేరుతో 1700 నాటి మనిషిని వెతికితే ఏమీ దొరకదు.

చర్చి రిజిస్టరు చదవండి

బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసిపెట్టాలని 1538లో ప్రతి పారిష్‌కూ ఆజ్ఞ వచ్చింది. అన్ని ఊళ్లలో అంత పాత పుస్తకాలు మిగల్లేదు. మిగిలినవాటిలో మొదటి పేజీలు లాటిన్‌లో ఉండొచ్చు. ఫిలియస్ అంటే కొడుకు, ఫిలియా అంటే కూతురు, సెపుల్టుస్ అంటే పాతిపెట్టారని. ఈ మూడు తెలిస్తే చాలావరకు గట్టెక్కుతారు. పాత రాతలో 'ఎస్' అక్షరం 'ఎఫ్'లా కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

అందరూ తప్పు చేసేది తేదీల దగ్గర. 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఒక జంట పెళ్లి 1700 ఏప్రిల్‌లో అనీ, వాళ్ల బిడ్డ బాప్తిస్మం 1700 ఫిబ్రవరిలో అనీ రాసి ఉందనుకోండి. పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1701, అంటే పెళ్లయిన పది నెలలకు. ఇది తెలియక ఒక తల్లి మీద నింద వేసేయకండి. జనవరి 1 నుంచి మార్చి 24 లోపు తేదీ కనిపిస్తే, నోట్సులో రెండు సంవత్సరాలూ 1700/1701 అని రాసుకోండి.

1754 నుంచి పెళ్లిళ్లకు, 1813 నుంచి బాప్తిస్మాలకు, ఖననాలకు అచ్చు ఫారాలు వచ్చాయి. 1813 తర్వాతి బాప్తిస్మం ఫారంలో తండ్రి వృత్తి కూడా ఉంటుంది.

1837 తర్వాత మనిషి అయితే పని తేలిక

1837 జులై 1 నుంచి జననం, మరణం, వివాహం ప్రభుత్వం నమోదు చేస్తోంది. ఇండెక్సు మూడేసి నెలలకు ఒకటి. కాటన్ గారి మరణం కావాలంటే డోర్కింగ్ రిజిస్ట్రేషన్ జిల్లా, 1899 జులై–సెప్టెంబరు భాగం చూడాలి. జనాభా లెక్కల్లో 1841 నుంచి పేర్లు ఉంటాయి, 1851 నుంచి ఏ పారిష్‌లో పుట్టారో కూడా రాశారు. చాలామంది చిక్కుముడి విప్పేది ఆ ఒక్క గడే. 1931 లెక్కలు మాత్రం కాలిపోయాయి, వాటి కోసం టైమ్ వృథా చేసుకోవద్దు.

పొలం ఎక్కడో పట్టుకోండి

చర్చికి ఇచ్చే దశమ భాగాన్ని డబ్బు రూపంలోకి మార్చడానికి 1836లో చట్టం చేసి, ఊరూరా మ్యాపులు గీయించారు. మన గ్రామ నక్షా, అడంగల్ చూసినవాళ్లకు ఇవి వెంటనే అర్థమవుతాయి. మ్యాపులో ప్రతి చెక్కకూ ఒక నంబరు. పక్కనున్న జాబితాలో ఆ నంబరుకు ఎదురుగా యజమాని, సాగు చేసేవాడు, పొలం పేరు, విస్తీర్ణం ఉంటాయి. విస్తీర్ణం మూడు గడుల్లో ఉంటుంది: ఎకరాలు, రూడ్లు, పెర్చ్‌లు. ఎకరానికి 4 రూడ్లు, రూడ్‌కు 40 పెర్చ్‌లు. ఒక చెక్కకు 2, 1, 20 అని ఉంటే మన లెక్కలో 2 ఎకరాల 37న్నర సెంట్లు. యజమాని పేరు దగ్గరే ఆగిపోకండి. మీరు వెతికే కుటుంబం సాగు చేసేవాడి గడిలోనే ఉండే అవకాశం ఎక్కువ.

పేదవాడైతే పారిష్ పెట్టెలో చూడండి

పారిష్ పెట్టె అంటే పారిష్ కాగితాలు దాచిన చర్చి పెట్టె. నాకు బాగా ఇష్టమైన కాగితాలు ఇవి. 1662 చట్టం ప్రకారం పేదవాడికి సాయం చేయాల్సింది అతని సొంత పారిష్. పరాయి పారిష్‌లో పని పోయి చెయ్యి చాస్తే, ఇద్దరు మేజిస్ట్రేట్లు కూర్చోబెట్టి అడిగేవాళ్లు: ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నావు, ఎవరి ఇంట్లో ఏడాదంతా పనిచేశావు? ఏడాది పూర్తిగా పనిచేస్తే ఆ పారిష్‌లో హక్కు వచ్చేది. అందుకే కొందరు యజమానులు 51 వారాలకే కుదుర్చుకునేవాళ్లు. ఒక ఒంటరి కూలీ జీవితం మొత్తం ఆ వాంగ్మూలంలో అరపేజీలో దొరుకుతుంది. జమీందారుకు చిత్రపటం ఉంటుంది. కూలీకి ఉన్నది ఈ అరపేజీయే.

ఎవరికి రాయాలి?

సర్రే పారిష్‌ల కాగితాలు ఎక్కువగా వోకింగ్‌లోని సర్రే హిస్టరీ సెంటర్‌లో ఉంటాయి. పొయ్యి పన్ను జాబితాలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో, 'E 179' అనే వరుసలో ఉంటాయి. 1858 జనవరికి ముందు వీలునామాలు చర్చి కోర్టుల్లో నమోదయ్యేవి కాబట్టి వాటిని విడిగా వెతకాలి.

ఈమెయిల్ రాసేటప్పుడు కుటుంబ కథంతా చెప్పకండి. మనిషి పేరు, దాని రెండు మూడు స్పెల్లింగులు, పారిష్, హండ్రెడ్, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, ఇప్పటికే చూసిన రిజిస్టర్లు ఏవి. ఇంతే, ఆరు లైన్లు. సబ్జెక్ట్ లైన్‌లో మాత్రం పారిష్ పేరే ముందు పెట్టండి.