వాలు నేలపై పచ్చని కప్పు: నీటి పరుగును, మట్టి కోతను తగ్గించే విధానం

వాలు నేలకు తొలి దెబ్బ తగిలేది వాన చినుకు వల్లనే. 5 మిల్లీమీటర్ల వ్యాసం గల పెద్ద చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో వచ్చి పడినప్పుడు, ఏ ఆచ్ఛాదనా లేని మట్టి గడ్డలు చిట్లి, వాటి నుంచి విడివడిన సన్నని రేణువులు నేలలోని రంధ్రాలను పూడ్చివేస్తాయి. దాంతో నేల పైభాగం పెచ్చు కడుతుంది, ఇంకవలసిన నీరు పల్లానికి పరుగు తీస్తూ మట్టిని వెంట తీసుకుపోతుంది. కాబట్టి ముందుగా తేల్చుకోవలసినది నేలను ఎంత మేరకు, ఏది కప్పి ఉంచుతోందన్నదే.

దీనికి 10 మీటర్ల తాడు చాలు. ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక గుర్తు పెట్టి, తాడును నేలపై పరచి, ఒక్కో గుర్తు కింద గడ్డి, రాలిన ఆకు, రాయి వంటివేవైనా ఉన్నాయా, లేక వట్టి మట్టి ఉందా అని చూడాలి. 100 గుర్తుల్లో ఎన్నింటి కింద కప్పు ఉందో అదే దాని శాతం. కప్పు పెరిగేకొద్దీ కోత తగ్గుతుంది గానీ, తొలి దశలోనే ఆ తగ్గుదల ఎక్కువ. బోసి నేలలో సగాన్ని కప్పగలిగితే కోత సగానికి మించి తగ్గుతుంది.

చెట్లున్నాయి కదా అని నిశ్చింతగా ఉండరాదు. ఆకుల చివర కూడిన నీరు మామూలు చినుకు కంటే పెద్ద బొట్టుగా జారుతుంది. 8 నుంచి 10 మీటర్ల ఎత్తు నుంచి పడితే అది తన గరిష్ఠ వేగాన్ని దాదాపుగా అందుకుంటుంది. కింద రాలిన ఆకులను శుభ్రంగా ఊడ్చేసిన తోటలో చిన్న చిన్న రాళ్లు మట్టి దిమ్మెల మీద నిలబడినట్టు కనిపిస్తాయి. రాయి కాపాడినంత మేర మట్టి నిలిచింది, చుట్టూ ఉన్నది పోయింది. ఆ దిమ్మె ఎత్తే పోయిన మట్టి లోతు. ఒక్క మిల్లీమీటరు పోయినా హెక్టారుకు 10 ఘనపు మీటర్ల మట్టి పోయినట్టే. నా దృష్టిలో తోట శుభ్రత కోసం వాలు మీద చీపురు పట్టడం అన్నిటికంటే ఖరీదైన అలవాటు.

ఇక నాటడం. వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తున సాగే గీతను మొదట గుర్తించాలి. మూడు కర్రలతో A ఆకారంలో చేసిన చట్రానికి మధ్యలో లంబసూత్రం, అంటే దారానికి కట్టిన బరువు, వేలాడదీస్తే ఈ పని జరిగిపోతుంది. ఆ గీత వెంట వట్టివేరు పిలకలను 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో నాటాలి. రెండు వరుసల మధ్య ఎత్తు తేడా 1.5 మీటర్లు అనుకుంటే, 15 శాతం వాలులో, అంటే 100 మీటర్లకు 15 మీటర్లు దిగే నేలలో, వరుసల మధ్య సుమారు 10 మీటర్లు వస్తుంది. పిలక చచ్చిన చోట వెంటనే మరొకటి నాటాలి, లేకపోతే వరుస వెనుక ఆగిన నీరంతా ఆ సందుకే చేరి కొత్త గండిని తవ్వుతుంది.

దారి నుంచో, పైకప్పు నుంచో ధారగా వచ్చి పడే నీటిని మాత్రం నాటడానికి ముందే పక్కకు మళ్లించాలి, లేత పిలకలు దానికి నిలవవు. అలాగే లోతైన పొరలు కదిలి కొండచరియ జారే చోట గడ్డి వేళ్లు చేయగలిగింది తక్కువ, అక్కడ ఇంజినీరు సలహా అవసరం. దుబ్బులు గుబురుగా పెరిగాక 30, 40 సెంటీమీటర్ల ఎత్తుకు కోసి, కోసిన గడ్డిని వరుసల మధ్య బోసిగా ఉన్న మట్టి మీదే పరచాలి.