మధ్యాహ్నం ఆగిపోయే ఇన్వర్టర్, తగ్గని మిల్లు బిల్లు: సోలార్ పెట్టుకున్నాక వచ్చే కరెంటు సమస్యలు, పరిష్కారాలు

వరంగల్, హనుమకొండ కాలనీల్లో డాబాల మీద సోలార్ పలకలు కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు, అంతకు మించిన ఇంటి ప్లాంటుకు 78 వేల రూపాయల సబ్సిడీ ప్రకటించాక పెట్టుకునేవారు ఇంకా పెరిగారు. వాటితోపాటే ఫిర్యాదులూ పెరిగాయి. ఏ ఫిర్యాదు విన్నా తప్పు ముందుగా పలకల మీదికో, పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ కంపెనీ మీదికో పోతుంది. చాలాసార్లు అసలు కారణం తీగల్లో ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటికి కరెంటు రావడానికి మాత్రమే లెక్కవేసి లాగిన తీగల మీద ఇప్పుడు పగటిపూట అదే కరెంటు ఎదురు నడుస్తోంది.

అందుకే ఏ సమస్యకైనా మొదటి పని కొలవడం. మామూలు మల్టీమీటర్ చాలు. ఇన్వర్టర్ దగ్గర, మెయిన్ బోర్డులో, మీటరు దగ్గర వోల్టేజీ చూడాలి. తెల్లవారుజామున, మధ్యాహ్నం 12 గంటలకు, రాత్రి 8 గంటలకు చూసి కాగితం మీద రాసుకోవాలి. నడుస్తున్న లైను మీద కొలిచే అలవాటు లేనివారు ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. ఈ అంకెలు లేకుండా ఎవరిని పిలిచినా ఊహలే చెబుతారు.

ఎండ బాగా కాసే వేళకే ఇన్వర్టర్ ఆగిపోతోంది

ఉదయం బాగానే నడుస్తుంది. పదకొండు దాటాక తెర మీద ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ అని చూపి ఆగిపోతుంది. కొన్ని నిమిషాలకు దానంతటదే మొదలై మళ్లీ ఆగుతుంది. మబ్బు పట్టిన రోజున ఏ గొడవా ఉండదు. మే నెలలో ఏసీలు నడిచే మధ్యాహ్నాల కంటే, వాడకం తక్కువగా ఉండి పలకలు చల్లగా ఉండే జనవరి, ఫిబ్రవరిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఇది ఇన్వర్టర్ చెడిపోవడం కాదు, నిబంధన ప్రకారం నడుచుకోవడం. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో తెచ్చిన నిబంధనల ప్రకారం లైను వోల్టేజీ 80 నుంచి 110 శాతం పరిధి దాటితే సోలార్ ప్లాంటు రెండు సెకన్లలోపు లైను నుంచి విడిపోవాలి. 230 వోల్టుల మీద 110 శాతం అంటే 253. మరి వోల్టేజీ ఎందుకు అంత పెరుగుతుంది? కరెంటును బయటికి నెట్టాలంటే ఇన్వర్టర్ దగ్గరి వోల్టేజీ స్తంభం దగ్గరి కంటే ఎక్కువ ఉండాలి. తీగ ఎంత సన్నగా, పొడవుగా ఉంటే ఆ తేడా అంత ఎక్కువ.

లెక్క చూడండి. 5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ నిండుగా పనిచేస్తే దాదాపు 22 ఆంపియర్లు పంపుతుంది. స్తంభం 40 మీటర్ల దూరంలో ఉండి, సర్వీసు వైరు 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే, ఫేజు, న్యూట్రల్ కలిపి నిరోధం సుమారు 0.6 ఓమ్. పెరిగే వోల్టేజీ 13 వోల్టులు. స్తంభం దగ్గర 242 ఉంటే ఇన్వర్టర్ దగ్గర 255 అవుతుంది, ఆగిపోతుంది. అదే వైరు 10 చదరపు మిల్లీమీటర్లదైతే పెరుగుదల 5 వోల్టులే, ఇన్వర్టర్ దగ్గర 247. రోజంతా ఆగకుండా నడుస్తుంది. రాత్రి ఏసీ, గ్రైండర్ వేసి 15 ఆంపియర్లు లాగితే ఆ సన్న వైరే 9 వోల్టులు మింగేస్తుంది. మధ్యాహ్నం హై వోల్టేజీ, రాత్రి లో వోల్టేజీ రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయంటే రెండింటికీ మూలం ఒకటే కావచ్చు.

లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి మధ్యాహ్నం ప్లాంటు నిండుగా నడుస్తున్నప్పుడు ఇన్వర్టర్ దగ్గర, మీటరు దగ్గర వోల్టేజీలను వెంటవెంటనే చూడండి. రెండింటి మధ్య మూడు నాలుగు వోల్టులకు మించి తేడా ఉంటే లోపం ఇంట్లోనే. ఇన్వర్టర్ నుంచి మెయిన్ బోర్డుకు దించిన కేబుల్ సన్నదై ఉండాలి, లేదా ఎక్కడో బిగింపు వదులై ఉండాలి. రాగి, అల్యూమినియం కలిసే చోట తగిన లగ్గులు వాడకుండా మెలితిప్పి టేపు చుట్టిన అతుకులను ముందు చూడండి. తేడా తక్కువే ఉంటే సోలార్ బ్రేకర్‌ను దించి మీటరు దగ్గర మళ్లీ కొలవండి. వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతే సర్వీసు వైరు, స్తంభం మీది అతుకు లేదా వీధి లైను బలహీనంగా ఉన్నాయి. సర్వీసు వైరు మార్పించుకోవడం మన చేతిలో ఉన్న పని, పెట్టిన ఖర్చుకు ఫలితం వెంటనే కనిపించే పని కూడా.

బ్రేకర్ దించినా 245కు తగ్గలేదా? అప్పుడు విషయం డిస్కంది, అంటే కరెంటు పంపిణీ సంస్థది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు ట్యాపులు (బయటికిచ్చే వోల్టేజీని సర్దే మెట్లు) ఉంటాయి, లైను ఆపి వాటిని మార్చవచ్చు. కానీ మధ్యాహ్నం కోసం ట్యాపు తగ్గిస్తే రాత్రి చివరి ఇళ్లకు వోల్టేజీ చాలదు. అందుకే ట్యాపు జోలికి వెళ్లే ముందు వీధిలోని సోలార్ ఇళ్లు ఏ ఫేజు మీద ఉన్నాయో చూడమని ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ను) అడగండి. అన్నీ ఒకే ఫేజుకు పడి ఉంటే కొన్నింటిని వేరే ఫేజుకు మార్చడంతోనే సమస్య సర్దుకుంటుంది. అప్పటికీ తీరకపోతే లైనుకు లావు తీగ వేయడం, లేదా లోడును పంచుకునే ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం.

ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. నీళ్ల మోటారు, వాషింగ్ మిషన్, గీజర్ మధ్యాహ్నం పూట వేయండి. ఒక హెచ్‌పీ మోటారు సుమారు ఒక కిలోవాట్ లాగుతుంది. అంత కరెంటు బయటికి వెళ్లదు కాబట్టి పైన చెప్పిన వైరు మీద రెండున్నర వోల్టుల దాకా దిగుతుంది. అంచు మీద ఆగిపోతున్న ఇన్వర్టర్‌కు అది చాలు.

చేయకూడని పని కూడా చెప్పాలి. పాస్‌వర్డ్ తెలిసిన ఇన్‌స్టాలర్ వచ్చి ఇన్వర్టర్ పరిమితిని 270కి పెంచి వెళ్లిపోవడం. తెర మీద హెచ్చరిక పోతుంది, వోల్టేజీ మాత్రం పోదు. అది మీ ఫ్రిజ్‌కూ, పక్కింటివాళ్ల టీవీకీ చేరుతుంది. దీన్ని నేను మరమ్మతు అనను, పొరుగువాళ్ల సామాను మీద చేసే అన్యాయం అంటాను. వోల్టేజీ పెరిగేకొద్దీ ఉత్పత్తిని కొద్దికొద్దిగా తగ్గించుకునే సెట్టింగు చాలా ఇన్వర్టర్లలో ఉంటుంది. డిస్కం ఒప్పుకోలుతో దాన్ని వాడుకోండి. పూర్తిగా ఆగిపోవడం కంటే కొంత తగ్గడం మేలు.

కొన్ని బల్బులు మిరుమిట్లు, కొన్ని మసక

ఇది కనబడితే చదవడం ఆపి మెయిన్ స్విచ్ దించండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం మీదో న్యూట్రల్ తెగి ఉంటుంది. అప్పుడు వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు 400 వోల్టుల మధ్య ఒకదాని వెనక ఒకటి కలిసిపోతాయి. తక్కువ వాడకం ఉన్న ఇంటికి 300 వోల్టులు దాటి రావచ్చు. సోలార్ ఉన్న ఇళ్లలో ఇన్వర్టర్ వెంటనే ఆగిపోతుంది. మబ్బు లేకుండా, హఠాత్తుగా, వీధిలోని ఇన్వర్టర్లు కొన్ని హై అని, కొన్ని లో అని చూపి ఆగాయంటే అనుమానించాల్సింది దీన్నే. 1912కు ఫోను చేసి ‘న్యూట్రల్ పోయింది’ అనే మాటతోనే చెప్పండి. ఇంటి ఎర్తింగ్ గుంత నుంచి న్యూట్రల్ తీసి నడిపించుకునే ప్రయత్నం ప్రాణాల మీదికి తెస్తుంది.

రాత్రి లో వోల్టేజీ, సోలార్ పెట్టినా మారలేదు

బ్యాటరీ లేని సోలార్ రాత్రికి పనికిరాదు, కాబట్టి మారదు. పల్లెల్లో కారణం ఎక్కువగా వ్యవసాయ మోటార్లు. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించేవి) తీసేయమని రైతులకు చెప్పారు. కరెంటు పోయి వచ్చిన క్షణంలో అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తే వోల్టేజీ కుంగుతుంది. లైను నుంచి లాగే కరెంటు తగ్గాలంటే ప్రతి మోటారుకూ కెపాసిటర్ ఉండాలి. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సామర్థ్యపు కొలత) సరిపోతుంది. ఇంటింటా స్టెబిలైజర్ పెట్టుకుంటే ఎవరి ఇల్లు వారికి బాగుంటుంది కానీ, అది లైను నుంచి మరింత కరెంటు లాగుతుంది కాబట్టి లైను చివరి ఇల్లు ఇంకా కుంగుతుంది.

మిల్లుకు సోలార్ పెట్టాక యూనిట్లు తగ్గాయి, బిల్లు ఆశించినంత తగ్గలేదు

సుల్తానాబాద్ రైస్ మిల్లులు, కరీంనగర్ గ్రానైట్ యూనిట్లు, వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులు, కేవీఏహెచ్ (కిలోవాట్లతోపాటు రియాక్టివ్ పవర్‌ను కూడా లెక్కలోకి తీసుకునే కొలత) మీద బిల్లు వచ్చే ఎవరికైనా ఇది వర్తిస్తుంది. మిల్లు లోడు 100 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో కిలోవాట్ల వాటా) 0.95 అనుకుందాం. మోటార్ల అయస్కాంత క్షేత్రానికి కావలసిన రియాక్టివ్ పవర్ దాదాపు 33 కేవీఏఆర్. సోలార్ 70 కిలోవాట్లు ఇస్తోంది. లైను నుంచి తీసుకునేది 30 కిలోవాట్లే. కానీ 33 కేవీఏఆర్ మొత్తం ఇంకా లైను నుంచే వస్తోంది, ఎందుకంటే మామూలు సెట్టింగులో ఇన్వర్టర్ దాన్ని ఇవ్వదు. మీటరుకు కనిపించేది 45 కేవీఏ, పవర్ ఫ్యాక్టర్ 0.67. మోటార్లు మారలేదు, కెపాసిటర్లు చెడిపోలేదు. లైను నుంచి తీసుకునే కిలోవాట్లు తగ్గాయి, అంతే.

ముందు ఏపీఎఫ్‌సీ ప్యానెల్‌కు (పవర్ ఫ్యాక్టర్ సరిచేయడానికి కెపాసిటర్లను దానంతటదే వేసి తీసేది) సంకేతమిచ్చే సీటీ (కరెంటును కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) ఎక్కడుందో చూడండి. సోలార్ వచ్చి కలిసే చోటుకు మోటార్ల వైపు ఉంటే లైను సంగతి దానికి తెలియదు. మెయిన్ ఇన్‌కమర్ (మిల్లులోకి లైను వచ్చే చోటు) మీదికి, డిస్కం మీటరుకు దగ్గరగా మార్చాలి. ఆదివారం మిల్లు ఆగి కరెంటు బయటికి వెళ్లే వేళ ఆ ప్యానెల్‌ను నడిపే పాత రిలేలు దిశ అర్థంకాక కెపాసిటర్లను తప్పుగా వేస్తాయి, తీస్తాయి. రెండు దిశల ప్రవాహాన్నీ గుర్తించే రిలే కావాలి. ప్యానెల్ ఒక్కోసారి వేసే కెపాసిటర్ మెట్లు కూడా చిన్నవిగా ఉండాలి. ఇన్వర్టర్ కేవీఏ సామర్థ్యంలో మిగులు ఉంటే దానితోనే కొంత రియాక్టివ్ పవర్ ఇప్పించవచ్చు.

కెపాసిటర్లు ఉబ్బుతున్నాయి, న్యూట్రల్ వేడెక్కుతోంది

సోలార్ పెట్టిన తర్వాత మొదలైందని సోలార్‌ను నిందించకండి. దాన్ని ఒక పూట ఆపి చూడండి. సమస్య అలాగే ఉంటే కారణం వీఎఫ్‌డీలు (మోటారు వేగాన్ని మార్చే పరికరాలు), ఎల్ఈడీలు, కంప్యూటర్లు పుట్టించే హార్మోనిక్స్, అంటే 50 హెర్ట్జ్‌కు గుణిజాలైన అదనపు కరెంట్లు. మామూలు వీఎఫ్‌డీ ప్రధానంగా 250, 350 హెర్ట్జ్ కరెంట్లను లైనులోకి వదులుతుంది. కెపాసిటర్లు, ట్రాన్స్‌ఫార్మర్ కలిసి ఆ దరిదాపుల్లో అనునాదంలో (రెజొనెన్స్) పడి ఆ కరెంట్లను పెంచితే కెపాసిటర్ తట్టుకోలేదు. కెపాసిటర్‌తో వరుసలో 7 శాతం రియాక్టర్ (తీగచుట్ట) పెడితే ఆ జంట 189 హెర్ట్జ్ దగ్గర స్థిరపడి ప్రమాదం తప్పుతుంది. రియాక్టర్ వల్ల కెపాసిటర్ మీద వోల్టేజీ పెరుగుతుంది కాబట్టి 480 లేదా 525 వోల్టుల రేటింగు ఉన్నదే కొనాలి. షాపింగ్ కాంప్లెక్సుల్లో న్యూట్రల్ వేడికి మూడో హార్మోనిక్ కారణం. మూడు ఫేజులదీ న్యూట్రల్‌లో ఒకదానికొకటి తోడవుతుంది. అక్కడ న్యూట్రల్ తీగ ఫేజు తీగకు తగ్గకూడదు.

కరెంటు పోతే సోలార్ కూడా పోతోంది

అలాగే పోవాలి. లైను చచ్చిందని నమ్మి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ డాబా నుంచి కరెంటు తగలకూడదు. కోతల్లోనూ వెలుగు కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకుని, అత్యవసర లోడును వేరే బోర్డుకు మార్చుకోవాలి. జనరేటర్‌ను సాకెట్‌లో గుచ్చి సోలార్ ఇన్వర్టర్‌ను మోసగించి నడిపే పద్ధతి కొందరు చూపిస్తారు. మెయిన్ దించడం ఒక్కసారి మరిచిపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఆ కరెంటును 11 వేల వోల్టులకు పెంచి లైనులోకి పంపుతుంది. జనరేటర్‌కు న్యూట్రల్ కూడా తెంపే ఛేంజోవర్ స్విచ్ తప్పనిసరి.

ఫిర్యాదు ఎలా రాయాలి

‘వోల్టేజీ సరిగా లేదు’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. సర్వీసు నంబరు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చోటు, తేదీ, గంట, సోలార్ వేసి ఎంత, ఆపి ఎంత అనేవి రాయండి. ఇన్వర్టర్ యాప్‌లో రోజువారీ వోల్టేజీ రేఖాచిత్రం ఉంటుంది, అది జతచేయండి. హనుమకొండ కేంద్రంగా ఉన్న ఎన్పీడీసీఎల్ (ఉత్తర తెలంగాణ డిస్కం) పరిధిలో మొదట సెక్షన్ ఏఈకి ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా తేలకపోతే విద్యుత్ ఓంబుడ్స్‌మన్‌కు అదే కాగితాల కట్టతో వెళ్లవచ్చు.