గన్నేరు: ఆకు పసుపెక్కినా, పూత రాకపోయినా

గన్నేరు ఎండకు ఓర్చే మొక్క. దాని పత్రరంధ్రాలు ఆకు అడుగున చిన్న గుంటల్లో, సన్నని నూగు మధ్య దాగి ఉంటాయి కాబట్టి తేమ అంత తేలిగ్గా పోదు. నేలలో నాటిన మొదటి ఏడాది మాత్రం నీళ్లు క్రమం తప్పకుండా పోయాలి. ఆ తర్వాత దానికొచ్చే బాధల్లో చాలావరకు మన అతి శ్రద్ధ వల్లే.

ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి

అడుగున ముదురు ఆకులు ఒకటీ అరా రాలడం మామూలే. గుత్తులు గుత్తులుగా రాలుతుంటే మట్టిలోకి వేలు దించి చూడండి. రెండంగుళాల లోతులో ఇంకా బురదగా ఉంటే వేళ్లకు గాలి ఆడటం లేదన్నమాట. అలాంటప్పుడు కొమ్మలు కూడా వాడతాయి. దాహమేమో అనుకుని మనం ఇంకో చెంబు పోస్తాం, వేరు కుళ్లుతుంది. మంచి మొక్కలు ఎక్కువగా పోయేది ఇలాగే. నీళ్లు ఆపేయండి. కుండీ అయితే అడుగు రంధ్రం పూడుకుందేమో చూడండి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. మట్టి పై రెండంగుళాలు ఆరాకే మళ్లీ తడపాలి. వాన నీరు నిలిచే పల్లంలో ఉంటే మొక్కను మెరకకు మార్చక తప్పదు.

ఆకు నిండుగా ఉంది, పువ్వు లేదు

రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ పడాలి. ఎండ సరిపడా ఉన్నా పూయకపోతే నత్రజని ఎరువు ఎక్కువైందేమో చూసుకోండి. మూడో కారణం కత్తెర. మొగ్గ వచ్చేది కొత్త చిగురు కొసనే. పూతకు ముందు కొసలు కత్తిరిస్తే ఆ విడత పూలు పోయినట్టే. పూత అయ్యాక కత్తిరించండి.

చేతికి తొడుగులు తప్పనిసరి, పాలు కంట్లో పడనివ్వొద్దు. గన్నేరులో ప్రతి భాగమూ విషమే. కొట్టిన కొమ్మలు పశువులకూ పిల్లలకూ అందనీయకండి. పొగ కూడా ప్రమాదమే, తగలబెట్టొద్దు.

చిగుళ్లకు పసుపు పురుగులు, ఆకులపై జిగురు

నల్ల కాళ్ల పేనుబంక ఇది. దాని జిగురు మీదే నల్లని మసి పడుతుంది. రెండు మూడు రోజులకోసారి నీటిధారతో కొట్టి రాల్చితే చాలు. అక్షింతల పురుగులు కనిపిస్తే మందు జోలికి పోకండి, అవే తినేస్తాయి.

కొమ్మల మీద బుడిపెలు

బ్యాక్టీరియా తెగులు, మందుతో పోదు. బుడిపెకు బాగా కిందుగా, పొడి వాతావరణంలో కోసేయండి. ప్రతి కోతకూ కత్తెరను స్పిరిట్‌తో తుడవండి, లేకపోతే తెగులు పక్క కొమ్మకు అంటుకుంటుంది.