విమానం మోడల్: డెకాల్ కింద మెరుపు, కెనోపీ మీద పొగ, కూలబడే తోక

ప్లాస్టిక్ విమానం కిట్‌లో లోపం బయటపడేది ఒక దశలో, మొదలయ్యేది అంతకు రెండు మూడు దశల ముందు. కాబట్టి కనిపించిన చోటే మరమ్మతు మొదలుపెట్టకుండా, ఒకసారి వెనక్కి వెళ్లి చూడాలి.

డెకాల్ అంచున వెండి మెరుపు

1/72 స్కేల్ (అసలు విమానంలో 72వ వంతు సైజు) మిగ్-21 రెక్క మీద భారత వాయుసేన గుర్తున్న డెకాల్‌ను, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే పలచని ఫిల్మ్ బొమ్మను, అంటించారనుకోండి. తడిగా ఉన్నంతసేపూ రంగు వేసినట్టే కనిపిస్తుంది. ఆరాక లైటు కింద పెట్టి ఏటవాలుగా చూస్తే, పచ్చ వలయం బయట కనపడకుండా ఉండాల్సిన ఫిల్మ్ అంచు తెల్లగా మెరుస్తుంటుంది. డెకాల్ పాతదైపోయిందని చాలామంది అనుకుంటారు. పాతబడిన డెకాల్ పసుపు రంగుకు తిరుగుతుంది, లేదా నీళ్లలో ముక్కలవుతుంది. ఈ మెరుపుకు కారణం కింద ఉన్న మ్యాట్ రంగు. అది కంటికి నున్నగా ఉన్నా నిజానికి గరుకు. ఆ సన్నటి గుంటల్లోకి ఫిల్మ్ దిగదు, మధ్యలో గాలి చిక్కుకుపోతుంది. వెలుగు పడ్డప్పుడు తెల్లగా కనిపించేది ఆ గాలే.

అంటించేశాక కూడా దీన్ని బాగుచేయవచ్చు. మెరుస్తున్న చోట సన్నటి సూదితో అక్కడక్కడా పొడిచి, బ్రష్‌తో ఒక్క బొట్టు మైక్రో సోల్ (డెకాల్‌ను మెత్తబరిచే ద్రావణం) పెట్టండి. కాసేపటికి ఫిల్మ్ మెత్తబడి ముడతలు పడుతుంది. అది చూసి టెన్షన్ పడి వేలు పెట్టారంటే డెకాల్ చిరిగిపోతుంది. అలాగే వదిలేస్తే ఆరేకొద్దీ ముడతలు సర్దుకుని, ఫిల్మ్ ప్యానెల్ గీతల్లోకి కూడా దిగుతుంది. ఇంకా మెరుపు మిగిలితే మర్నాడు మళ్లీ చేయండి. కొన్ని కంపెనీల డెకాల్స్ ఈ ద్రావణానికి తట్టుకోలేవు. అందుకే షీటులో మనకు అక్కర్లేని గుర్తు మీద ముందు పరీక్షించుకోవడం మేలు.

తర్వాతి మోడల్‌కి మాత్రం రంగు ఆరాక గ్లాసీ క్లియర్ కోటు వేసి, అది పూర్తిగా గట్టిపడ్డాకే డెకాల్ పెట్టండి. డెకాల్ కింద మైక్రో సెట్ (అది అంటుకోవడానికి సాయపడే ద్రావణం), పైన మైక్రో సోల్. మ్యాట్ కావాలంటే అన్నిటికంటే చివర వేసుకోవచ్చు. ఈ ఒక్క కోటు విషయంలో బద్ధకించవద్దని గట్టిగా చెబుతాను. రంగు ఎంత బాగా కుదిరినా, గుర్తు స్టిక్కర్‌లా కనిపిస్తే విమానం బొమ్మగా మారిపోతుంది.

రంగు మీద పాల లాంటి మసక

విశాఖ, కాకినాడ లాంటి తీర ఊళ్లలో, వానాకాలంలో అయితే ఎక్కడైనా, లాకర్ రంగులకు (ఘాటైన థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే రంగులకు) ఈ బెడద ఉంటుంది. లాకర్ థిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది. దాంతో ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ ఆ పచ్చి రంగు మీదే చేరుతుంది. ఉక్క తగ్గిన రోజున, ఆరడాన్ని నెమ్మదిచేసే రిటార్డర్ కలిపిన థిన్నర్‌ను పలచగా చల్లితే, రంగు కొంచెం కరిగి, తేమ వెళ్లిపోయి మసక విడుతుంది. వీలుంటే ఏసీ గదిలో రంగు వేయండి. ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చల్లే పరికరం) నుంచి నీటి చుక్కలు పడుతుంటే మాత్రం కారణం వేరు: కంప్రెసర్‌కి మాయిశ్చర్ ట్రాప్ (గాలిలోని తేమను పట్టి ఉంచే భాగం) లేకపోవడమో, ఉన్నది నిండిపోవడమో అయి ఉంటుంది.

కెనోపీ లోపల తెల్లటి పొగ

ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ ఆరేటప్పుడు వచ్చే ఆవిరి, పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. కాక్‌పిట్ లోపల ఆ జిగురు వాడి వెంటనే కెనోపీ (పైలట్ కూర్చునే చోటి పారదర్శక మూత) మూసేసినా ఇదే జరుగుతుంది. పొర పైకే ఉంటుంది కాబట్టి, కెనోపీని జాగ్రత్తగా ఊడదీసి మెత్తటి గుడ్డ మీద కొంచెం టూత్‌పేస్టుతో రుద్దితే చాలావరకు పోతుంది. కడిగి ఆరబెట్టి, గ్లాసీ యాక్రిలిక్ క్లియర్‌లో ముంచి తీస్తే గాజులా తేలుతుంది. తిరిగి అంటించడానికి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు వాడండి. ఆరితే పారదర్శకమవుతుంది, అంచున బయటికొస్తే తడి గుడ్డతో తుడిచేయవచ్చు.

నునుపు చేసిన అతుకు మళ్లీ తేలడం

మోడళ్లకు వాడే ‘సిమెంట్’ అనే జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది. లోపలి ద్రావకం పూర్తిగా ఆరకముందే సాండ్‌పేపర్ పెడితే, తర్వాత అతుకు కుంచించుకుపోయి రంగు కింద సన్నటి గాడి కనిపిస్తుంది. పుట్టీ కూడా మందంగా పూస్తే ఇలాగే కుంచించుకుపోతుంది. అలాంటి చోట 400, 800, 1000 నంబర్ సాండ్‌పేపర్లతో వరుసగా రుద్ది, బూడిదరంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) వేసి చూడండి. గాడి ఉంటే ప్రైమర్ దాచదు. అతికించాక కనీసం ఒక రోజు, వీలైతే ఇంకా ఎక్కువ, ఆగడమే దీనికి విరుగుడు.

తోక మీద కూలబడటం

స్పిట్‌ఫైర్‌కి ఈ చింత లేదు, దాని మూడో చక్రం తోక దగ్గరే ఉంటుంది. ముక్కు కింద చక్రం ఉన్న పీ-38, ఎంఈ 262, బీ-25 లాంటివి మాత్రం ముందు బరువు లేకపోతే వెనక్కి వాలిపోతాయి. ఫ్యూజ్‌లాజ్ (విమానం మొండెం) మూసే ముందే అన్ని భాగాలనూ టేపుతో కట్టి, ప్రధాన చక్రాలు వచ్చే చోట వేళ్ల మీద నిలబెట్టి చూడండి. ముక్కు కిందికి వాలేదాకా బరువు చేర్చండి. బరువు ఎంత ముందుకు ఉంటే అంత తక్కువ సరిపోతుంది.

చేపల గాలాలకు కట్టే సీసం గుళ్లు వాడేటట్టయితే ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురుతో) బిగించండి. తెల్ల జిగురు వద్దు. దాని ఆమ్లం వల్ల సీసం మెల్లగా తినేసినట్టయి, ఉబ్బి, ఏళ్ల తర్వాత ముక్కునే పగలగొట్టగలదు. ఇప్పటికే మూసేసిన మోడల్ అయితే, ముందు చక్రం గదిలో లోపలికి చిన్న రంధ్రం చేసి, సన్నటి గుళ్లు ఒక్కొక్కటే జారవిడిచి, పలచని ఎపాక్సీ పోసి, అది గట్టిపడేవరకు విమానాన్ని ముక్కు కిందికి ఉండేలా నిలబెట్టండి.